వాటర్‌షెడ్ అంటే గీతా, నేలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి సివిల్స్‌కో ఓపీఎస్సీకో (ఒడిశా రాష్ట్ర సర్వీసుల పరీక్ష) చదివేవాళ్లది విచిత్రమైన పరిస్థితి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షకు వచ్చేసరికి ఇంగ్లీషు పుస్తకాలు. జాగ్రఫీలో చాలా మాటలు బట్టీ కొట్టేస్తే సరిపోతుంది. డెల్టా అంటే డెల్టాయే. నన్ను బాగా తిప్పలు పెట్టింది మాత్రం వాటర్‌షెడ్. కష్టమైన మాటేం కాదు, ఊళ్లో అందరికీ తెలిసినదే. చెక్‌డ్యాం కట్టినా, కందకాలు తవ్వినా "వాటర్‌షెడ్ పని" అనేవారు. చిక్కంతా అక్కడే. ఊళ్లో తెలిసిన అర్థం ఒకటి, ఫిజికల్ జాగ్రఫీ పుస్తకం మొదట చెప్పే అర్థం ఇంకొకటి.

పుస్తకం చెప్పేది గీత గురించి. రెండు నదుల నీటిని వేరుచేసే ఎత్తైన హద్దునే వాటర్‌షెడ్ అంటారు. జర్మన్ మాట వాసర్‌షైడెను చూసి ఇంగ్లీషువాళ్లు చేసుకున్న మాట ఇది. ఇందులో షెడ్‌కు రేకుల షెడ్డుతో సంబంధం లేదు, విడదీయడం అని దానికి పాత అర్థం. స్కాట్లండ్‌లో తల దువ్వుకునేటప్పుడు తీసే పాపిడిని కూడా షెడ్ అనేవారు. పాపిడికి అటూ ఇటూ జుట్టు పడ్డట్టు, కొండ వరుసకు అటూ ఇటూ వాన నీళ్లు జారతాయి. ఇది తెలిశాక గీత అర్థాన్ని మళ్లీ మర్చిపోయే పని పడలేదు.

మన దగ్గరే చూడండి. రాయగడలో పడిన వాన నాగావళిలోకి పోతుంది. గుణుపురంలో పడింది వంశధారలోకి. పర్లాకిమిడి వాన మహేంద్రతనయలో కలిసి, అది కూడా చివరికి వంశధారకే చేరుతుంది. రెండు పెద్ద నదులూ కలహండి, రాయగడ కొండల్లోనే పుట్టి, రెండూ శ్రీకాకుళం జిల్లాలోనే సముద్రంలో కలుస్తాయి. వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కల్లేపల్లి దగ్గర. ఇంత దగ్గరదగ్గరగా నడిచినా వాటిని కలవనివ్వకుండా మధ్యలో నిలబడ్డ ఎత్తైన హద్దే వాటర్‌షెడ్. హిరమండలం జలాశయం నుంచి నారాయణపురం ఆనకట్టకు వంశధార నీళ్లు మళ్లించే అనుసంధానం పథకం పేపర్లో కనిపిస్తే, ఒక బేసిన్ (ఒక నదిలోకి నీరు చేరే ప్రాంతమంతా) నీళ్లను ఆ గీత దాటిస్తున్నారని అర్థం చేసుకోండి. ఇంటర్ బేసిన్ ట్రాన్స్‌ఫర్ గురించి రాయాల్సి వస్తే పెన్నా, కావేరీ దాకా పోనక్కర్లేదు.

ఇక నేల అర్థం. అమెరికన్లు ఆ గీతను డివైడ్ అని, గీతకు లోపల నీరంతా ఒకే వాగులోకి చేరే ప్రాంతాన్ని వాటర్‌షెడ్ అని అనడం మొదలుపెట్టారు. మన ప్రభుత్వ పథకాల్లో నడిచేది ఈ అర్థమే. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి జాగ్రఫీలో డ్రైనేజీ పాఠం తీయండి. ఒక బేసిన్‌ను ఇంకో బేసిన్ నుంచి వేరుచేసే హద్దును వాటర్‌షెడ్ అంటారని ఉంటుంది. ఆ పక్కనే, పెద్ద నదుల పరీవాహక ప్రాంతాలను బేసిన్లనీ, చిన్న వాగులవాటిని వాటర్‌షెడ్లనీ అంటారని కూడా ఉంటుంది. రెండూ ఒకే చోట! చాలామంది మొదటి వాక్యానికి గీత గీసుకుని రెండోది వదిలేస్తారు. ఆ పాఠంలోనే సైజుల లెక్క కూడా ఉంది: 20,000 చదరపు కిలోమీటర్లు దాటితే మేజర్ బేసిన్, 2,000 నుంచి 20,000 వరకు మీడియం, అంతకంటే తక్కువైతే మైనర్. వంశధారది 10,000 దాటిన పరీవాహకం కాబట్టి అది మీడియం.

మరి ప్రశ్నలో ఏది అడిగాడో ఎలా పట్టుకోవాలి? నేను పక్కనున్న మాటల్ని చూస్తాను. వాటర్‌షెడ్ తర్వాత "బిట్వీన్" ఉంటే అది గీత. సింధు, గంగ నదుల మధ్య అంబాలా దగ్గరున్నది అలాంటిదే. ముందు "ఇన్" ఉన్నా, వెనక డెవలప్‌మెంట్, మేనేజ్‌మెంట్, కమిటీ లాంటివి తగిలినా అది నేల. హెక్టార్లు కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు, గీతను హెక్టార్లలో ఎవరూ కొలవరు. స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో ఈ చిన్న చూపు బాగా పనికొస్తుంది.

పథకాల వరుస గబగబా: 1973-74లో కరవు ప్రాంతాల కార్యక్రమం మొదలైంది. 1994లో సి.హెచ్. హనుమంతరావు కమిటీ నివేదిక ఇచ్చింది, ఆ సిఫార్సులతో 1995 నుంచి 500 హెక్టార్ల వాటర్‌షెడ్లు యూనిట్లుగా పనులు నడిచాయి. 2003లో హరియాలీ అనే కొత్త మార్గదర్శకాలు. 2008 ఉమ్మడి మార్గదర్శకాలతో యూనిట్ 1,000 నుంచి 5,000 హెక్టార్లకు పెరిగింది. 2009-10లో కరవు ప్రాంతాల కార్యక్రమం లాంటి పాత పథకాలు ఐడబ్ల్యూఎంపీలో (సమగ్ర వాటర్‌షెడ్ నిర్వహణ కార్యక్రమం) కలిశాయి, 2015-16లో అది ప్రధానమంత్రి కృషి సించాయీ యోజనలో భాగమైంది. సంవత్సరాల కంటే 500 ఎందుకు 1,000 దాటిందో ఆలోచించండి, మెయిన్స్‌లో మార్కులు అక్కడ పడతాయి. చిన్న ముక్కలుగా పనిచేస్తే పైన కొండ ఒక ప్రాజెక్టులో, కింద పొలం ఇంకో దాంట్లో పడి, ఒకదాని ఫలితం రెండోదానికి అందని ఇబ్బంది ఉంటుంది.

పని మొదలుపెట్టేది కూడా పైనుంచే. "రిడ్జ్ టు వ్యాలీ" అంటారు. ముందు కొండ మీద కందకాలు, చెట్లు, తర్వాత వాలులో రాతి కట్టలు, ఆఖరున కింద చెక్‌డ్యాం, ఊట చెరువు. కిందనే ముందు కట్టేస్తే పైమట్టి కొట్టుకొచ్చి చెక్‌డ్యాం పూడిపోతుంది. అంటే నేల అర్థంలోని పని గీత అర్థం దగ్గర మొదలవుతోంది. ఆన్సర్‌లో ఈ లంకె రాసినవాళ్లు తక్కువ, మీరు రాయండి. మీ సొంత వాక్యాల్లో మాత్రం గీతకు వాటర్ డివైడ్, నేలకు క్యాచ్‌మెంట్ లేదా మైక్రో వాటర్‌షెడ్ అని వాడితే దిద్దేవారికి తికమక ఉండదు.

మూడో వాడకం ఎస్సేలో వస్తుంది. వాటర్‌షెడ్ అంటే చరిత్రలో మలుపు అని. దీన్ని ముఖ్యమైన సంఘటన అన్నదానికల్లా అంటించేస్తున్నారు, నాకు నచ్చదు. ముందు ఒక రకం, తర్వాత ఇంకో రకం అని చూపించగలిగితేనే అది మలుపు. మనకు 1936 ఏప్రిల్ 1 అలాంటిది: ఒడిశా వేరే ప్రావిన్స్ అయింది, పర్లాకిమిడి ఊరు అటు వెళ్లింది, జమీందారీలో కొంత మద్రాసు వైపు ఉండిపోయింది. ఈ తేదీని వాటర్‌షెడ్ అని రాస్తే, వెంటనే దానికి అటు ఒక వాక్యం, ఇటు ఒక వాక్యం రాయండి. రాయడానికి ఏమీ తోచకపోతే ఆ మాట కొట్టేసి మామూలుగా "ముఖ్యమైన ఘట్టం" అని పెట్టుకోండి.