గల్లీలో ఆ గంట

మా రామంతాపూర్ గల్లీలో సాయంత్రం ఐదున్నర అయ్యిందంటే బండ్లన్నీ ఒక పక్కకు జరగాల్సిందే. పిల్లల ఆటకు చోటు కావాలని కాలనీ పెద్దలు పెట్టిన రూలు. మొదట్లో గొడవ బాగానే నడిచింది. "నా కారుకు బాల్ తగిలితే ఎవరిస్తారు?" అని ఒకాయన ఒంటికాలిపై లేచాడు. ఇప్పుడు ఆయనే కుర్చీ వేసుకుని అంపైరింగ్ చేస్తున్నాడు. అదీ మనవడి వైపు మొగ్గుతూ!

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు వంచే ఆటపాటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. స్కూలు, ట్యూషను, హోంవర్కు పోగా ఆ గంట దొరికేదెక్కడ? దొరికినా ఆడుకునే జాగా ఏది?

నాకు నచ్చింది ఒక్క ఆటే కాదు. పై వాటాలోకి కొత్తగా వచ్చిన పాప ముందు మెట్ల మీదే కూర్చునేది, పలకరిస్తే తల దించుకునేది. కిరాణా కొట్టు ఆంటీ ఓ రోజు చెయ్యి పట్టి తీసుకెళ్లి తాడాటలో నిలబెట్టింది. ఇప్పుడు ఆ పాప గొంతు వీధి చివరి దాకా వినిపిస్తోంది. వాచ్‌మన్ కొడుక్కి లెక్కలు చెప్పేది రిటైరైన టీచరమ్మ, ఫీజు మాటే లేదు. కొట్టు గోడ మీద చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు కూడా రాయించాం.

పరీక్షలొస్తున్నాయి, ఆట ఆపేద్దామని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. నేనైతే ఒప్పుకోను. టెన్షన్ ఉన్నప్పుడే కదా ఆ గంట కావాలి! ఆదివారం మీటింగ్‌లో ఇదే చెప్పబోతున్నా. అంపైర్ గారు నా వైపే.