పదమూడేళ్లకు మొదలైన నాట్యం

"పదమూడేళ్లు నిండాక ఇంకేం నేర్చుకుంటుందమ్మా, ఒళ్లు వంగదు" అని ఈ సాయంత్రం నాట్యపాఠశాల గుమ్మంలో ఒక పెద్దాయన అంటుండగా, ఆ తల్లి పక్కనే నిలబడిన అమ్మాయి తలవంచుకుని చున్నీ కొనను వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

నాకు వెంటనే అమెరికన్ బ్యాలెట్ నర్తకి మిస్టీ కోప్‌లాండ్ గుర్తుకొచ్చింది. పాశ్చాత్య శాస్త్రీయ నృత్యమైన బ్యాలెట్‌ను వృత్తిగా ఎంచుకునేవారు చాలావరకు పసితనంలోనే సాధన మొదలుపెడతారు. కాలిఫోర్నియాలోని శాన్ పెడ్రోలో ఆమె తొలి పాఠం మాత్రం పదమూడో ఏట, పిల్లల క్లబ్బులోని బాస్కెట్‌బాల్ కోర్టులో జరిగింది. తల్లి, తోబుట్టువులతో కలిసి మోటెల్ గదుల్లో తలదాచుకున్న రోజులవి. అయినా కొద్ది నెలలకే ఆమె మునివేళ్ల మీద నిలబడింది!

ఆ తర్వాతి దారి కూడా నున్నగా లేదు. 2012లో న్యూయార్క్‌లో 'ఫైర్‌బర్డ్' అనే బ్యాలెట్‌లో ప్రధాన పాత్ర వేసినప్పుడు కాలి ఎముకలో పగుళ్లు ఉన్నాయి. ఆ నొప్పితోనే ఆడి, శస్త్రచికిత్స చేయించుకుని, మళ్లీ వేదికెక్కింది. 2015లో అమెరికన్ బ్యాలెట్ థియేటర్ అనే నృత్య సంస్థ తన 75 ఏళ్ల చరిత్రలో తొలిసారిగా ఒక నల్లజాతి మహిళను ప్రధాన నర్తకిగా ప్రకటించింది. ఆ మహిళ ఆమే.

అందరూ అలా ఎదుగుతారని నేను అనను, ఆమెది అరుదైన శరీరం, అరుదైన పట్టుదల. కానీ ఒక్క పాఠమైనా చెప్పి చూడకుండా ఆ అమ్మాయిని వెనక్కి పంపడం నా మనసుకు ఎంతమాత్రం నచ్చలేదు.

నేను బయటికి వచ్చేసరికి వాళ్లు ఆటో ఎక్కేశారు. రేపు అదే వేళకు మళ్లీ వెళ్లి, వాళ్లు వస్తారేమోనని చూస్తాను.