ఎస్సెస్బీ ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయి, ఏడు నెలలు జాయింట్ ఆపరేషన్లు చదివాను – నా అనుభవం

2025 సెప్టెంబర్‌లో నా రెండో ఎస్సెస్బీ (సైన్యంలో ఆఫీసర్లని ఎంపిక చేసే బోర్డు) అయింది. మొదటిది అదే ఏడాది ఫిబ్రవరిలో. ఈ రెండిటి మధ్య ఏడు నెలలు నేనేం చదివానో, ఎలా చదివానో రాస్తున్నా, ఎందుకంటే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష) రిటన్ పాసైన మన తెలుగు కుర్రాళ్ళు చాలామంది కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్ బట్టీ కొట్టుకుని బోర్డుకి వెళ్ళిపోతున్నారు, మొదటిసారి నేనూ అలాగే వెళ్ళాను, అక్కడ అది నిలబడదు.

ఫిబ్రవరిలో స్క్రీనింగ్ దాటాను. సైకాలజీ టెస్టులు పర్లేదు. ఇంటర్వ్యూలో ఇల్లు, చదువు, ఫ్రెండ్స్ గురించి అడిగినంతసేపూ బానే చెప్పుకొచ్చాను. తర్వాత ఆ ఆఫీసర్ గారు మీది కాకినాడ కదా, మీ తీరంలో సైన్యం పెద్ద ఎక్సర్‌సైజ్ చేస్తుంది, దాని పేరేంటి అన్నారు. టైగర్ ట్రయంఫ్ సార్ అన్నా. అది ఏ రకం అంటే జాయింట్ సార్ అన్నా. జాయింట్ అంటే? మూడు దళాలూ కలిసి చేసేది సార్. అయితే కార్గిల్ జాయింటేనా? అవును సార్. మరి ఆర్మీకి ఆపరేషన్ విజయ్, ఎయిర్‌ఫోర్స్‌కి సఫేద్ సాగర్, నేవీకి తల్వార్ అని మూడు పేర్లు ఎందుకున్నాయి?

మూడు పేర్లూ నాకు కంఠతా వచ్చు. ఎందుకు మూడు అని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన ఇంకోటి అడిగారు. ఓడలోంచి సైనికులు ఒడ్డుకి దిగుతున్నారు, సగం మంది ఇసక మీద ఉన్నారు, సగం మంది ఇంకా ఓడలోనే, ఆ నిమిషంలో ఆర్డర్ ఎవరిది? ఎవరు సీనియరైతే వాళ్ళది సార్ అన్నాను. ఆయన ఏదో రాసుకుని, హాబీస్ లోకి వెళ్ళిపోయారు. చివరి రోజు కాన్ఫరెన్స్ తర్వాత ఎంపికైనవాళ్ళవి పిలిచిన చెస్ట్ నంబర్లలో (ఒక్కొక్కరికీ అక్కడ ఇచ్చే నంబర్) నాది లేదు. ఆ రెండు ప్రశ్నల వల్లే పోయిందని అనను, ఎస్సెస్బీ అలా ఉండదు, అయిదు రోజులూ మొత్తంగా చూస్తారు. కానీ తిరుగు రైల్లో పైబెర్త్ మీద పడుకుని విజయవాడ వచ్చేదాకా ఆ ఓడ గురించే ఆలోచించాను.

మా వీధి చివర ఒక బాబాయ్ ఉన్నారు, నేవీలో సెయిలర్‌గా చేరి రిటైరయ్యారు, చాలా ఏళ్ళు ల్యాండింగ్ షిప్‌ల (ఒడ్డుదాకా వచ్చి సైనికుల్ని, బండ్లని దింపే ఓడలు) మీదే చేశారు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా గానీ ఆయన పని ఏంటని ఎప్పుడూ అడగలేదు. ఫిబ్రవరి ఆఖర్లో వెళ్ళి ఈ ప్రశ్న అడిగితే, ఒరేయ్ అది మామూలు ప్రశ్న కాదురా, కూర్చో అన్నారు. సముద్రం మీద ఉన్నంతసేపూ నేవీ కమాండర్‌ది, ఎందుకంటే ఓడ ఎక్కడుండాలి, ఎప్పుడు తిరగాలి, సబ్‌మెరీన్ వస్తే ఏం చెయ్యాలి అన్నది ఆయనకే తెలుసు. ఒడ్డున దిగిన ఆర్మీ కమాండర్ తన హెడ్‌క్వార్టర్స్ పెట్టుకుని, వైర్‌లెస్ కుదిరి, నేను రెడీ అన్న తర్వాత ఒడ్డు మీద జరిగే యుద్ధం ఆయన చేతికి వెళ్తుంది. ఈ చేతులు మారడం ఏ పరిస్థితిలో జరగాలో బయల్దేరకముందే ఆర్డర్‌లో రాసుకుంటారు. సీనియర్ ఎవరన్నది అక్కడ లెక్కలోకే రాదు అన్నారు.

ఇంకోటి చెప్పారు, అది నాకు ఇప్పటికీ అన్నిటికన్నా ఇష్టం. ఓడలో సామాను ఎక్కించేటప్పుడు ఒడ్డున ముందు కావాల్సింది ఆఖర్న ఎక్కించాలట. మా నాన్న టాటా ఏస్ తోల్తారు, సామర్లకోట, పెద్దాపురం, జగ్గంపేట అని వరసగా డెలివరీలుంటే జగ్గంపేట బస్తాలు ముందు ఎక్కిస్తారు, సామర్లకోటవి తలుపు దగ్గరుంటాయి. అదే లెక్క. కాకపోతే ఇక్కడ తప్పు జరిగితే బస్తాలు దింపి మళ్ళీ ఎక్కించుకుంటాం, అక్కడ రాంప్ (ఓడ ముందు తలుపు) తెరుచుకున్నాక తుపాకీ గుండ్ల సామానుకి అడ్డంగా వంటసామాను లారీ నిలబడి ఉంటుంది. అందుకే ఏది ముందు కావాలో ఆర్మీ చెప్పాలి, ఎలా సర్దితే ఓడ ఒరగకుండా ఉంటుందో నేవీ చెప్పాలి, ఇద్దరూ ఒకే కాగితం మీద కూర్చోవాలి.

ఆ రోజునుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. మొదట కుదురుకోవాల్సింది పదాల దగ్గరే. మన పేపర్లలో 'సంయుక్త విన్యాసాలు' అని రాస్తారు, ఇండియా అమెరికా కలిసి చేసినా సంయుక్తమే, మన ఆర్మీ నేవీ కలిసి చేసినా సంయుక్తమే. కానీ సైన్యం భాషలో ఒకే దేశం దళాలు కలిస్తే జాయింట్, వేరే దేశాల సైన్యాలు కలిస్తే కంబైన్డ్. ఇండియా, అమెరికాల త్రివిధ దళాలు కలిసి చేసే టైగర్ ట్రయంఫ్ రెండూనూ. ఇంకో తికమక, మనం రాసే పరీక్షా సీడీఎస్సే, త్రివిధ దళాల మీద ఉండే పదవీ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) సీడీఎస్సే. 2020 జనవరి 1న బిపిన్ రావత్ గారు ఆ పదవిలో మొదటిగా చేరారు. నోట్స్‌లో రెండోదాన్ని నేను 'పెద్ద సీడీఎస్' అని రాసుకునేవాణ్ణి.

సూత్రాల సంగతికొస్తే, మన సైన్యం ఉమ్మడి డాక్ట్రిన్ (మూడు దళాలూ కలిసి ఎలా పోరాడాలో చెప్పే పుస్తకం) 2017లో వచ్చింది, నెట్‌లో దొరుకుతుంది, చదవండి. అమెరికావాళ్ళ దాంట్లో పన్నెండు సూత్రాలుంటాయి: లక్ష్యం, చొరవ తీసుకుని దాడి చెయ్యడం, బలాన్ని ఒకచోట కూడగట్టడం, అవసరం లేనిచోట పొదుపు, కదలిక, ఒకే కమాండ్, భద్రత, శత్రువు ఊహించనిది చెయ్యడం, సరళత – ఈ తొమ్మిదీ పాత యుద్ధ సూత్రాలే, వీటికి సంయమనం, పట్టుదల, చట్టబద్ధత అని మూడు కలిపారు. మొదటి వారం ఇవి వరసగా అప్పచెప్పగలిగాను, అప్పచెప్పినా ఏమీ అర్థం కాలేదని కూడా తెలిసిపోయింది. అందుకని పద్ధతి మార్చి ఒక్కో సూత్రానికి అది తప్పిన ఒక ఆపరేషన్ పట్టుకున్నా.

సరళతకి 1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లో బందీల్ని విడిపించడానికి అమెరికా చేసిన ఈగిల్ క్లా. హెలికాప్టర్లు నేవీవి, వాటి పైలట్లలో ఎక్కువమంది మెరీన్లు (సముద్రం మీంచి వెళ్ళి పోరాడే అమెరికా విడి దళం), విమానాలు ఎయిర్‌ఫోర్స్‌వి, లోపలికెళ్ళి విడిపించాల్సింది ఆర్మీ కమాండోలు, వీళ్ళందరూ కలిసి మొత్తం ప్లాన్‌ని ఒక్కసారి కూడా పూర్తిగా రిహార్సల్ చెయ్యలేదు. ఎనిమిది హెలికాప్టర్లు బయల్దేరితే ఎడారి మధ్యకి చేరినవి ఆరు, అందులో ఒకటి పాడైంది, మిగిలింది అయిదు, పనికి కనీసం ఆరు కావాలి, రద్దు చేసుకుని వెనక్కి బయల్దేరుతుండగా ఒక హెలికాప్టర్ విమానాన్ని గుద్ది ఎనిమిది మంది చనిపోయారు. ఆ దెబ్బా, 1983లో గ్రెనడాలో పడ్డ ఇబ్బందులూ కలిసి 1986లో అక్కడ దళాలన్నీ ఒకే కమాండ్ కింద కలిసి పని చేసేలా గోల్డ్‌వాటర్ నికల్స్ చట్టం వచ్చింది.

మనదాంట్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది 1971 డిసెంబర్‌లో ఇప్పటి బంగ్లాదేశ్ తీరంలో ఉన్న కాక్స్ బజార్ ల్యాండింగ్. 1971 అనగానే అందరం పీఎన్ఎస్ ఘాజీ మన వైజాగ్ దగ్గర మునగడం, కరాచీ మీద మిసైల్ బోట్లు, ఢాకా సరెండర్ చెప్పుకుంటాం. అదే యుద్ధం ఆఖర్లో పాకిస్తాన్ సైనికులు బర్మా వైపు పారిపోకుండా అడ్డుకోడానికి హడావిడిగా ఒక దళాన్ని ఓడల్లో పంపారు. గూర్ఖా జవాన్లు, సముద్రం అలవాటు లేనివాళ్ళు, ఓడలోంచి దిగడం ప్రాక్టీస్ లేదు, ఆ బీచ్‌ని ముందుగా సర్వే చెయ్యలేదు. ఐఎన్ఎస్ ఘరియల్, గుల్దార్ ఒడ్డుకి రాబోతే మధ్యలో ఇసక దిబ్బ అడ్డొచ్చింది, దాని అవతల మళ్ళీ లోతు. దిగినవాళ్ళలో కొందరు బరువులతో మునిగి చనిపోయారు. అవతల కాల్చేవాడే లేడు. బాబాయ్ ఈ కథ చెప్పేటప్పుడు గొంతు మారిపోయింది, ఆయన సర్వీసులోకి రాకముందు జరిగిందే అయినా ల్యాండింగ్ షిప్ వాళ్ళందరికీ ఇది చెప్తారట. నీళ్ళు ఎక్కే పోటులోనే ఒడ్డెక్కాలి, దిగే పోటులో ఎక్కితే ఓడ అక్కడే ఇరుక్కుంటుంది, వెనక లంగరు ముందే వదిలి రావాలి మళ్ళీ దాన్ని పట్టుకుని వెనక్కి లాక్కోడానికి, అని నేల మీద చీపురుపుల్లతో గీసి చూపించారు.

అదే యుద్ధంలో బాగా కుదిరినవీ ఉన్నాయి. మేఘనా నది మీద వంతెన శత్రువు చేతిలో ఉంటే అక్కడి ఆర్మీ కోర్ కమాండర్ సగత్ సింగ్ గారు ఆగకుండా, ఎయిర్‌ఫోర్స్ మి-4 హెలికాప్టర్లతో జవాన్లని అవతలికి దాటించేశారు. డిసెంబర్ 11న టంగైల్‌లో పారాట్రూపర్లు దిగారు, ఉత్తరం నుంచి వస్తున్న ఆర్మీ వెళ్ళి వాళ్ళని కలుసుకుంది. రాజస్థాన్ సరిహద్దులో లోంగేవాలా దగ్గర ఒక కంపెనీ రాత్రంతా ట్యాంకులకి ఎదురు నిలబడింది, ఎందుకంటే జైసల్మేర్‌లో ఉన్న హంటర్ విమానాలు చీకట్లో దాడి చెయ్యలేవు, తెల్లారితేనే వస్తాయి, వచ్చాయి. ఇవి చదువుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రకాల దగ్గర ఎక్కువ టైం పెట్టలేదు, ఉభయచర ఆపరేషన్లొక్కటే లోతుగా చూశా (ఉభయచరం అంటే నాకు అప్పటిదాకా కప్పే). దాడి అంటే ఒడ్డుకి దిగి అక్కడే పట్టు సాధించడం, నార్మండీ, ఇంచాన్ లాగా. రెయిడ్ అంటే వెళ్ళి కొట్టి వచ్చెయ్యడం, 1942లో సెయింట్ నజైర్ లాగా. ప్రదర్శన అంటే దిగుతాం దిగుతాం అని చూపించి దిగకపోవడం, 1991లో కువైట్ ఎదురుగా అమెరికా మెరీన్లు ఓడల్లో ఉండిపోయి ఇరాక్ సైన్యాన్ని తీరం దగ్గరే కట్టిపడేశారు. వెనక్కి తీసుకురావడం ఒక రకం, మొదటి ప్రపంచ యుద్ధంలో గలిపోలిలో దిగడం ఘోరంగా జరిగింది, ఖాళీ చేసి రావడం మాత్రం అద్భుతంగా జరిగింది. చివరిది సునామీ, తుఫాను లాంటి వాటికి సాయం, మన కోస్తావాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. ఉభయచరం కాకపోయినా 1988 మాల్దీవుల ఆపరేషన్ కాక్టస్ కూడా రాసుకున్నా, ఆగ్రా నుంచి పారాట్రూపర్లు విమానంలో వెళ్ళి దిగారు, ఓడలో పారిపోతున్న తిరుగుబాటుదారుల్ని సముద్రంలో పట్టుకున్నది ఐఎన్ఎస్ గోదావరి, బేత్వా. గోదావరి పేరు చూసి ఆ పేజీకి స్టార్ పెట్టుకున్నా.

ఏప్రిల్‌లో టైగర్ ట్రయంఫ్ మళ్ళీ వచ్చింది, మొదటి వారం వైజాగ్ హార్బర్లో, 8 నుంచి సముద్రం మీద, మా కాకినాడ ఎదురుగా. దగ్గరికి పోనివ్వరు. నేనూ బాబాయ్ బండి మీద వెళ్ళి దూరంగా నిలబడితే హెలికాప్టర్ల చప్పుడు, మసగ్గా ఓడలు, అంతే. వచ్చిన ఓడల్లో జలాశ్వతో పాటు ఘరియల్ ఉంది. ఇది కొత్త ఘరియల్, 1971ది కాదు, పేరు మాత్రం అదే. బాబాయ్ ఏమీ మాట్లాడలేదు, చాలాసేపు అటే చూశారు.

కార్గిల్ ఆఖరికి ఉంచుకున్నా, అదే కష్టం కాబట్టి. 1999 మే మొదట్లో చొరబాటు తెలిసింది, ఎయిర్‌ఫోర్స్ దాడులు 26న మొదలయ్యాయి. ఆర్మీ ఆయుధాలున్న హెలికాప్టర్లు అడిగింది, ఎయిర్‌ఫోర్స్ ఆ ఎత్తుల్లో అవి సులభంగా దొరికిపోతాయి, పైగా వైమానిక బలం వాడాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి అంది. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. 28న ఒక మి-17 కూలాక ఆ హెలికాప్టర్లని దాడుల నుంచి తప్పించి, మిరాజ్ విమానాలతో పైనుంచి బాంబులు వేశారు, ముంతో ధాలో సరఫరా క్యాంప్ దెబ్బతింది, తర్వాత టైగర్ హిల్ మీద లేజర్ బాంబులు. అంటే ఎవరి ప్లాన్ వాళ్ళు మొదలెట్టి యుద్ధం జరుగుతుండగా కలుపుకున్నారు, మూడు పేర్లు అందుకే అని నాకు అర్థమైంది. ఆ తర్వాతే కార్గిల్ మీద సమీక్షకి వేసిన సుబ్రహ్మణ్యం గారి కమిటీ, 2001లో ఉమ్మడి స్టాఫ్, అండమాన్ నికోబార్ కమాండ్. ఇంకో చిన్న విషయం ఎవరూ చెప్పరు: ఉమ్మడి కమాండ్‌లో నేవీ అధికారి కింద ఆర్మీ జవాన్ పని చేస్తున్నా తప్పు చేస్తే ఆయన నేరుగా చర్య తీసుకోలేకపోయేవారు, సొంత దళానికి పంపాల్సి వచ్చేది. 2023లో చట్టం చేసి 2024 మేలో అమల్లోకి తెచ్చారు, ఇప్పుడు తీసుకోవచ్చు.

సెప్టెంబర్‌లో ఇంటర్వ్యూ ఆఫీసర్ వేరే ఆయన. రిపీటర్ని కదా, పోయినసారికీ ఇప్పటికీ ఏం చేశావ్ అని అడిగారు, అది అడుగుతారని అందరికీ తెలిసిందే. సార్, పోయినసారి రెండు ప్రశ్నలకి జవాబు చెప్పలేకపోయాను, అవి చదివాను అని ఆ రెండూ చెప్పాను. అయితే చెప్పు అన్నారు. నా ఇంగ్లీష్ అంత స్పీడ్‌గా రాదు, నిదానంగానే నాన్న బండి బస్తాల నుంచి మొదలుపెట్టా. ఆయన మధ్యలో ఆపి, సామర్లకోట రోడ్డు తెగిపోయి ముందు జగ్గంపేటే వెళ్ళాల్సొస్తే మీ నాన్నగారు ఏం చేస్తారు అని అడిగారు. నేను ఆలోచించి, అందుకే సార్ ముఖ్యమైనవన్నీ ఒకే బండిలో పెట్టకూడదు, రెండు ఓడల్లో సర్దాలి, ఒకటి ఆగినా రెండోది పనికొస్తుంది అన్నా. తర్వాత కార్గిల్‌లో తప్పెవరిదంటావ్ అన్నారు. తప్పు మనుషుల్లో కన్నా ఎవరు ఎవర్ని ఎలా అడగాలన్నది శాంతికాలంలో తేల్చుకోకపోవడంలో ఉందనుకుంటున్నా సార్ అని చెప్పా. ఒప్పుకున్నారో లేదో ముఖం చూసి చెప్పలేం.

ఈసారి నా చెస్ట్ నంబర్ పిలిచారు. అయిదుగురం. అక్కడ్నుంచే మెడికల్స్‌కి పంపారు, అది ఇంకో పెద్ద కథ, విడిగా రాస్తా. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న లోడుతో తునిలో ఉన్నారు, బండి పక్కకి ఆపి మాట్లాడారు. కాకినాడ చేరాక బాబాయ్ దగ్గరికి వెళ్ళి ఆ రోడ్డు తెగిన ప్రశ్న, నా జవాబు చెప్పాను. రెండు ఓడల్లో పెట్టడం సరేరా, కానీ సగం సగం సర్దితే ప్రతి ఓడకీ విడిగా ఒరుగుడు లెక్క మళ్ళీ వెయ్యాలి, అది ఎవరు వేస్తారో చెప్పావా అన్నారు. చెప్పలేదు బాబాయ్ అన్నా. చీపురుపుల్ల తెమ్మన్నారు.