508001 విడిపోయినంత తేలిగ్గా 509001 విడిపోదు

నల్లగొండ పిన్‌కోడ్ 508001, పాలమూరుది 509001. తేడా సరిగ్గా వెయ్యి. కానీ కాగితం మీద కారణాంకాలు తీయబోతే మొదటిది కాసేపట్లో తేలిపోతుంది, రెండోది మధ్యాహ్నమంతా తినేస్తుంది.

ముందు 508001. చివర 1 ఉంది కనుక 2, 5 వదిలేయండి. అంకెల మొత్తం 14, 3తో పోదు. 7, 11, 13లతో విడివిడిగా భాగించే పని లేదు. 7×11×13 = 1001 కదా, సంఖ్యను మూడేసి అంకెలుగా విరిచి తీసివేస్తే చాలు. తపాలావాళ్లు టపా విడదీసే ప్రాంతానికి (సార్టింగ్ జిల్లాకు) 508, ఆఫీసుకు 001 అని విరిచేదీ అక్కడే. 508 − 1 = 507 = 3×13×13. అంటే 13తో పోతుంది, 7, 11తో పోదు. లెక్క తప్పేది ఇక్కడే: 507లో 3 ఉందని, 13 రెండుసార్లు ఉందని అసలు సంఖ్యకూ అవే అంటగడతారు. ఈ తీసివేత 7, 11, 13లతో పోతుందా పోదా అన్నదే చెబుతుంది, ఎన్నిసార్లన్నది చెప్పదు.

508001 ÷ 13 = 39077. 13తో మళ్లీ చూస్తే శేషం 12. 17కి 11, 19కి 13. 23తో నిశ్శేషంగా పోయి 1699 వస్తుంది. ఇప్పుడు మళ్లీ 3 నుంచి షురూ చేయొద్దు, 23 నుంచే చూడాలి. వర్గం 1699ను దాటే సంఖ్యలతో చూడక్కర్లేదు: 41 వర్గం 1681, 43 వర్గం 1849, కాబట్టి 41 దాకా చాలు. 23, 29, 31, 37, 41లకు శేషాలు వరుసగా 20, 17, 25, 34, 18. 1699 ప్రధాన సంఖ్యే.

508001 = 13×23×1699. మొదట 712 దాకా వెతకాల్సిన హద్దు 13 దొరకగానే 197కి, 23 దొరకగానే 41కి పడిపోయింది.

509001కి ఆ అదృష్టం లేదు. అంకెల మొత్తం 15, 3తో పోయి 169667 మిగులుతుంది. హద్దు 411. ఇందులో 3 మళ్లీ పోదు, 667 − 169 = 498 కనుక 7, 11, 13 కూడా పోవు. ఇక 17 నుంచి 409 వరకు 74 ప్రధాన సంఖ్యలు, ఒక్కటీ పోదు. 241కి శేషం 3. 383 మరీ ఊరిస్తుంది: 383×443 = 169669, రెండే ఎక్కువ. ఫోన్‌లో భాగిస్తే 442.99 అని చూపిస్తుంది, దాన్ని 443 అనుకుంటే అంతే సంగతి. దశాంశాలను నమ్మకుండా తిరిగి గుణించి చూడాలి. 169667 ప్రధాన సంఖ్య, కాబట్టి 509001 = 3×169667.

రెండు పిన్‌కోడ్లూ 4తో భాగిస్తే 1 మిగులుతాయి, రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చేమోనని ఆశ పుడుతుంది. కుదరదు. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా కారణాంకాల్లో ఉంటే సరిసంఖ్య సార్లే ఉండాలి. 508001లో 23 ఒక్కసారే ఉంది. 509001కైతే కారణాంకాలన్నీ తీయక్కర్లేదు: అంకెల మొత్తం 15ను 3 భాగిస్తుంది, 9 భాగించదు, అంటే 3 ఒక్కసారే ఉంది, అక్కడితో తేలిపోయింది.