బాగానే ఉన్నానండీ

2023 సెప్టెంబరులో ఒక బుధవారం మధ్యాహ్నం, ఎంత నొక్కినా మాత్ర స్ట్రిప్పులోంచి బయటకు రాలేదు.

ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో ఫార్మసీలో డిస్పెన్సర్‌గా అప్పటికి పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. పెద్దవయసు వాళ్లకి వారానికి సరిపడా మాత్రలు 28 గళ్ల ట్రేలో సర్దడం నా పనుల్లో ఒకటి. రోజుకి నాలుగు పూటలు, ఏడు రోజులు. ఆ పనంతా కుడి బొటనవేలిదే. వందల మాత్రలు టకటకా నొక్కిపారేసే వేలు ఆ రోజు రేకు మీద వాలి ఊరుకుంది. "కంపెనీ మార్చినట్టున్నారు, రేకు మందంగా ఉంది" అన్నాను పక్కనున్న అమ్మాయితో. తను అదే స్ట్రిప్పు తీసుకుని ఒక్క నొక్కు నొక్కింది. మాత్ర ఎగిరి ట్రేలో పడింది.

అంతకు రెండు వారాల ముందు విరేచనాలు పట్టుకున్నాయి, తగ్గిపోయాయి. తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. నిలబడి చేసే ఉద్యోగం కదా, అదే అనుకున్నాను. శుక్రవారానికి మెట్లు ఎక్కలేకపోయాను. శనివారం మా ఆయన ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. కాలు కదల్లేదు. రెండోదీ అంతే. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడుతున్న మనిషి నవ్వడం మానేశాడు.

గులియన్ బారే సిండ్రోమ్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి, వచ్చిన ఇన్ఫెక్షన్‌తో పాటు మన నరాల మీద కూడా విరుచుకుపడటం. కాళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే వెంటిలేటరే. అందుకే నాలుగు గంటలకోసారి ఒక గొట్టంలోకి ఊదించి అంకె రాసుకునేవాళ్లు. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. నాది చేతుల దాకా వచ్చి, ఊపిరి జోలికి పోకుండా ఆగింది. 19 రోజులు ఆసుపత్రి, ఆరు వారాలు రిహాబ్. తెగిన నరం మళ్లీ పెరగాలంటే రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని ఫిజియో చెప్పింది. నడుం నుంచి పాదం దాకా ఎన్ని మిల్లీమీటర్లో లెక్కేసుకుని ఆ రాత్రంతా మేలుకున్నాను. చాలామందికి నరం మీది పొర బాగుపడితే సరిపోతుందని, అన్ని రోజులు పట్టదని ఆవిడ పొద్దున్న చెప్పింది. ఆ మాట రాత్రే చెప్పొచ్చుగా!

ఇంటికొచ్చేసరికి కుడి పాదం పైకి లేవదు, ప్లాస్టిక్ స్ప్లింట్ మీద నడక. వేళ్లు ఉన్నాయి గానీ పట్టు లేదు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఎవరో స్విచ్ ఆపినట్టు ఒంట్లో ఓపిక పోయేది. జబ్బు గురించి ఇంతే. అసలు కథ పోస్టులో వచ్చిన కవర్లది.

మొదట్లో సిక్ పే, అంటే జబ్బు సెలవులో ఇచ్చే జీతం వచ్చింది, వారానికి 109.40 పౌండ్లు. అది 28 వారాలే. ఆ తర్వాత ఏమిటన్నది నేను ఆలోచించలేదు. ఆలోచించడానికి భయం. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నా వీసా కార్డు మీద "నో పబ్లిక్ ఫండ్స్" అని ఉండేది. సర్కారు సాయం అడిగితే వీసాకే ఎసరు అని మా వాళ్లందరిలో ఒక బెదురు. పౌరసత్వం వచ్చాక కూడా ఆ బెదురు పోలేదు. ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థలో ఒక పెద్దాయన నా పే స్లిప్పు మీద, జీతంలోంచి కోసే నేషనల్ ఇన్సూరెన్స్ అంకె కింద గీత గీసి చూపించాడు. "పదకొండేళ్లు కట్టావు. న్యూ స్టైల్ ఈఎస్ఏ అని, జబ్బుతో పని చేయలేనివాళ్లకి ఇచ్చే భత్యం, దీంట్లోంచి వచ్చేదే. నీ భర్త జీతంతో సంబంధం లేదు. వీసాల రూల్స్‌లో కూడా దాన్ని పబ్లిక్ ఫండ్ అనరు." ఇది మన వాళ్లలో చాలామందికి తెలియదు. పిప్ అనే ఇంకో సాయం మాత్రం వేరు, అది పబ్లిక్ ఫండ్ కిందే లెక్క. వీసా మీద ఆ షరతు ఉన్నవాళ్లు అడిగి తెలుసుకోకుండా పెట్టకూడదు.

పిప్ అంటే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్. వైకల్యం వల్ల పడే అదనపు ఖర్చుకి ఇచ్చేది. ఉద్యోగం ఉన్నా ఇస్తారు, జీతం ఎంతని అడగరు. 2024 జనవరిలో ఫోన్ చేస్తే ఇంటికి ఫారం వచ్చింది. నెలలో పంపాలి. నేను పెన్ను పట్టుకోలేను కాబట్టి పద్నాలుగేళ్ల మా పాప రాసింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, "అమ్మా, స్నానం కింద ఏం రాయను?" అంది.

"చేసుకుంటాను అని రాయి."

"కుర్చీ వేసుకుని చేస్తావు. తల నేను రుద్దుతాను. నిజం రాయనా, నువ్వు చెప్పేది రాయనా?"

అంతలో ఇండియా నుంచి అమ్మ వీడియో కాల్. సంగతి విని హడలిపోయింది. "చేతులు పనిచెయ్యవు, నడవలేను అని నీ అంతట నువ్వు రాసిస్తావా తల్లీ? తథాస్తు దేవతలు తిరుగుతుంటారే!" నవ్వు వచ్చింది గానీ, పాప చేతిలో పెన్ను చూస్తే నాకూ గుండె గుబుక్కుమంది. 'చేయలేను' అన్న మాట ఆ ఫారంలో ఎన్నిసార్లు రాయాలో రాసినవాళ్లకే తెలుస్తుంది. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి నాలుగు నెలలుగా "చేయగలను, చేయగలను" అనిపించిన నోటితోనే అదంతా చెప్పాలి.

సిటిజన్స్ అడ్వైస్ పెద్దాయన ఒక సంగతి చెప్పాడు. ఆ పని ఒక్కసారి చేయగలవా అని కాదు వాళ్లు చూడాల్సింది. ప్రమాదం లేకుండా, సరిగ్గా, కావలసినన్ని సార్లు, మామూలుగా పట్టేంత టైములో చేయగలవా అని. అంటే గొప్ప రోజు గురించి కాకుండా ఎక్కువ రోజులు ఎలా ఉంటుందో రాయాలి. అది విన్నాక కొన్ని పేజీలు కొట్టేసి మళ్లీ రాయించాను.

రాయించాను గానీ, మేలో అసెస్‌మెంట్ ఫోన్ వచ్చినప్పుడు అంతా మర్చిపోయాను. అవతలి ఆవిడ మర్యాదగానే "హౌ ఆర్ యూ టుడే" అంది. నేను బాగానే ఉన్నానన్నాను. ఎవరు అడిగినా మనం ఇంకేం అంటాం? వంట చేసుకుంటారా అంటే, అన్నం పప్పు వండుకుంటానన్నాను. గిన్నె వంచి గంజి వార్చబోయి పట్టు జారి కాలి మీద పోసుకున్న సంగతి చెప్పలేదు. అప్పట్నుంచి పాప పక్కన ఉంటే తప్ప స్టవ్ వెలిగించనని కూడా చెప్పలేదు. అడగలేదు, చెప్పలేదు. జూన్‌లో ఉత్తరం. రోజువారీ పనుల్లో పడే ఇబ్బందికి ఆరు పాయింట్లు. ఎనిమిది ఉంటే గానీ ఇవ్వరు. రిపోర్టు కాపీ తెప్పించుకుంటే మొదటి పేజీలోనే ఉంది, ఆరోగ్యం బాగుందని తనే చెప్పిందని. మా ఆయనకి కోపం వచ్చింది. నాకు మాత్రం సిగ్గేసింది. అబద్ధం చెప్పి దొరికిపోయినట్టు కాదు, నిజం చెప్పడం చేతకానట్టు.

నెలలోపు పునఃపరిశీలన అడగొచ్చు. వాళ్ల భాషలో మ్యాండేటరీ రీకన్సిడరేషన్. గిన్నె సంగతి, పాప సంగతి, ఆక్యుపేషనల్ థెరపిస్టు ఇచ్చిన ఉత్తరం కలిపి పంపాను.

ఈలోగా ఇంకో బండి నడుస్తోంది. ఏప్రిల్‌లో సిక్ పే అయిపోయాక ఈఎస్ఏ మొదలైంది, వారానికి 90.50. జూన్‌లో మా ఫార్మసీ బ్రాంచి మూతపడింది, ఉద్యోగమూ పోయింది. పక్క వీధిలోని ఫార్మసిస్టు, "శనివారాలు నాలుగు గంటలు వచ్చి కూర్చో, ఫోన్లు ఎత్తు చాలు" అన్నాడు. ఈఎస్ఏ పోతుందేమోనన్న భయంతో వద్దన్నాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. పర్మిటెడ్ వర్క్ అని ఒకటుంది. వారానికి 16 గంటల లోపు, ఆ ఏడాది లెక్కలో 183.50 పౌండ్ల దాకా సంపాదించుకోవచ్చు. ముందుగా చెప్పి ఒక ఫారం నింపితే చాలు. అడిగి ఉంటే తెలిసేది. అడిగితే పనిచేయగలదని రాసేసుకుంటారని నోరు మూసుకున్నాను.

ఆగస్టులో ఈఎస్ఏ వాళ్ల ఉత్తరం వచ్చింది. అక్కడ పాయింట్ల లెక్క వేరు, 15 కావాలి. 200 మీటర్లు దాటి నడవలేనందుకు ఆరు, గంటకు మించి ఒకచోట కూర్చోలేక నిలబడలేక పోతున్నందుకు ఆరు. మొత్తం 12. "మీరు పనికి తగినవారే." సెప్టెంబరులో రెండో కవరు. పిప్ పునఃపరిశీలనలో వంటకి పాయింట్లు రెండు నుంచి నాలుగయ్యాయి. మొత్తం ఎనిమిది. వారానికి 72.65, జనవరి నుంచి బాకీతో సహా.

రెండు ఉత్తరాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి నువ్వు ఒంటరిగా అన్నం వండుకోలేవంటుంది, ఇంకొకటి ఉద్యోగం చేసుకోమంటుంది. మా ఆయన "వీళ్లలో వీళ్లకే పొంతన లేదు" అన్నారు. నాకు అలా అనిపించలేదు. ఈఎస్ఏ నిర్ణయం మీద కొట్లాడదామని అందరూ అన్నారు, నేను కొట్లాడలేదు. నాకూ పని కావాలి. గిన్నె ఎత్తలేని చెయ్యి మౌస్ కదపలేదా? రెండూ నిజమే. ఎటొచ్చీ ఆ రెండు నిజాలూ ఒకే మనిషివని చెప్పే ఫారం మాత్రం ఎక్కడా దొరకలేదు.

పని చేయగలవన్నారు గనక ఇక ఈఎస్ఏ లేదు, పని వెతుక్కునేవాళ్లకిచ్చే జాబ్‌సీకర్స్ అలవెన్స్‌కి పెట్టుకోవాలి. డబ్బు అంతే, అప్పట్లో 90.50. కానీ 182 రోజులే ఇస్తారు, పని వెతుకుతున్నట్టు చూపించాలి. రెండు పడవల మీద కాళ్లు అంటారు. నాకైతే ఉన్న కాళ్లలో ఒకటి పడవ అంచు దాకా కూడా లేవదు. మొదటిరోజు జాబ్‌సెంటర్‌కి వెళ్తూ పిప్ ఉత్తరం సంచిలో అడుగున దాచాను, చూస్తే పనికి రాననుకుంటారేమోనని. అక్కడ నా పని వెతుకులాట చూసే ఉద్యోగి, వర్క్ కోచ్ అంటారు, కుర్రవాడు, మా తమ్ముడి వయసుంటుంది. స్క్రీన్ మీద వారానికి 35 గంటలు అని ముందే ఉంది. అన్ని గంటల పనికి సిద్ధమేనా అన్నాడు.

మళ్లీ "పర్లేదండీ" నాలిక చివరి దాకా వచ్చింది. మింగేసి, ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను. "పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా పని చేస్తాను. గంటకోసారి లేస్తాను. రెండు తర్వాత నా వల్ల కాదు. వరుసగా నాలుగు రోజులు చేస్తే ఐదో రోజు పడుకోవాల్సిందే" అన్నాను. బతిమాలుతున్నట్టు కాదు, మందు డోసు చెప్పినట్టు చెప్పాను. అతను 35 చెరిపి 18 కొట్టాడు. ఆరోగ్యాన్ని బట్టి గంటలు తగ్గించే వీలు రూల్స్‌లోనే ఉందట. అడగనివాళ్లకి 35 అలాగే ఉండిపోతుంది మరి.

ఆ నాలుగు నెలల్లో పెట్టిన దరఖాస్తుల గురించి చెప్పడానికేమీ లేదు, అందరివీ అలాగే ఉంటాయి. 2025 జనవరిలో ఒక డాక్టర్ల క్లినిక్‌లో (ఇక్కడ సర్జరీ అంటారు) ప్రిస్క్రిప్షన్ క్లర్కుగా పని దొరికింది. మందుల పేర్లన్నీ నాకు తెలిసినవే, నొక్కాల్సింది కీబోర్డే. ఇంటర్వ్యూలో నా నడక చూశారు గానీ ఎవరూ ఏమీ అడగలేదు. ఉద్యోగం ఇస్తామని చెప్పేముందు ఆరోగ్యం గురించి ప్రశ్నలు వేయకూడదని ఇక్కడ 2010 నాటి ఈక్వాలిటీ చట్టం. ఆఫర్ వచ్చాక నేనే చెప్పాను, ఉత్తరం తీసి మరీ. వైకల్యం ఉన్నవాళ్లకి పనిచోట కావలసిన సాయం అందించే యాక్సెస్ టు వర్క్ అనే పథకానికి అప్పుడే దరఖాస్తు పెట్టాను. నాలుగు వారాల్లో చేరేవాళ్లవి ముందు చూస్తారు. నడుముకి ఆనే కుర్చీ, బొటనవేలి మీద బరువు పడని మౌస్ వచ్చాయి.

వారానికి 16 గంటలు గానీ అంతకు మించి గానీ పని చేస్తే అలవెన్స్ ఆగిపోతుంది. ఆపమని నేనే ఫోన్ చేశాను. కారణం అడిగితే "పని దొరికింది" అన్నాను. ఆ రెండు మాటలు చెప్పడానికి సగం పొద్దు హోల్డ్‌లో ఉన్నా విసుగు రాలేదు. పిప్ అలాగే ఉంది. తెలిసినవాళ్ల ఇంట్లో భోజనాలప్పుడు ఒకావిడ, "ఉద్యోగం చేస్తూ కూడా తీసుకుంటున్నావా?" అంది. అవునన్నాను. ఇంకాస్త పప్పు వేసింది.

మొన్న ఆదివారం అమ్మ ఫోన్. "చేతులెలా ఉన్నాయే?"

"బాగానే ఉన్నాయమ్మా" అన్నాను.

పక్కన హోంవర్కు చేసుకుంటున్న పాప తలెత్తి చూసింది.

"పొద్దున బాగుంటాయి. సాయంత్రానికి గ్లాసు పట్టుకుంటే వణుకుతాయి" అన్నాను.

"అయితే స్టీలు గ్లాసు వాడు" అంది అమ్మ.