ఆ కళ్ళు నాకు తెలుసు

"ఏంటే ఆ గుడ్లు మిటకరించి చూడ్డం? పిల్లలు జడుసుకుంటారు" అంది మా పిన్ని, పెళ్ళిభోజనాల దగ్గర, బంతిలో అందరూ వినేలా. విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాను. రెండేళ్ళయింది. ఆవిడ ఆ మాట మర్చిపోయి ఉంటుంది. నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

అప్పటికి నాలుగు నెలలుగా చేతులు వణుకుతున్నాయి. బోర్డు మీద రాస్తే అక్షరం వంకర పోయేది. ఎంత తిన్నా ఎనిమిది కిలోలు తగ్గాను. మా ఊళ్ళో చూపించుకున్న మొదటి డాక్టరు గారు నాడి కూడా పట్టుకోకుండా "టెన్షనమ్మా" అని నిద్రమాత్రలు రాశారు. థైరాయిడ్ సంగతి తేల్చే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష ఒక్కటి రాసుంటే ఆ రాత్రి వచ్చేది కాదు.

ఆగస్టు, హోరున వాన. నిద్రలో గుండె దబదబా కొట్టుకుని, ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పి, మళ్ళీ పరుగందుకుంది. తమ్ముడు కారు తీశాడు. ముమ్మిడివరం దాటేదాకా నా మణికట్టు నేనే పట్టుకుని లెక్కపెట్టాను, లెక్క అందలేదు. ఎదుర్లంక వంతెన ఎక్కగానే అమ్మ అద్దం దించి, "తల్లీ గోదారమ్మా" అంటూ గౌతమిలోకి రూపాయి బిళ్ళ విసిరింది. వానజల్లు నా మొహాన కొట్టింది. కాకినాడ చేరతానని నాకు నమ్మకం లేదు.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయి నా కళ్ళకేసి చూసి, గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి, "అక్కా, ఇది థైరాయిడ్‌లా ఉంది, తగ్గిపోతుంది" అంది. ఆమె పేరైనా నేను అడగలేదు. ఆ తల్లి చల్లగా ఉండాలి.

గ్రేవ్స్ జబ్బు అని తేల్చారు. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే థైరాయిడ్‌ను రెచ్చగొడుతుందట, కళ్ళ వెనక కండనూ వాచేలా చేస్తుందట. థైరాయిడ్ జోరు తగ్గించే కార్బిమజోల్, గుండెదడకు ప్రొప్రనలాల్ మొదలుపెట్టాక గుండె కొన్ని వారాల్లో దారికొచ్చింది. కళ్ళు రాలేదు. నల్లద్దాలు లేకుండా గుమ్మం దాటేదాన్ని కాదు.

సంక్రాంతికి వచ్చిన తమ్ముడు లాప్‌టాప్‌లో 'యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్' పెట్టాడు. 1974 నాటిది. 1930ల నాటి దయ్యాల సినిమాల మీద హాస్యం. రంగుల కాలంలో ఉండి కూడా దర్శకుడు మెల్ బ్రూక్స్ పట్టుబట్టి నలుపు తెలుపుల్లోనే తీశాడు; 1931 నాటి అసలు 'ఫ్రాంకెన్‌స్టైన్' సినిమాలోని ప్రయోగశాల సామానే వెతికి తెచ్చి వాడారు. నేను సగం మనసుతో చూస్తున్నాను. ఇంతలో గూని సేవకుడు ఇగోర్ తెర మీదకొచ్చాడు.

ఆ కళ్ళు నావి. తమ్ముడు ఫోన్‌లో వెతికాడు: నటుడు మార్టీ ఫెల్డ్‌మన్, ఆయనదీ థైరాయిడ్ జబ్బే. ఏదో చదివి గబుక్కున ఫోన్ బోర్లించేశాడు. తర్వాత నేనే చూశాను, ఆయన 1982లో గుండెపోటుతో పోయాడు. అయినా నేను భయపడలేదు. కెమెరా ఆ మొహానికి అంత దగ్గరగా వెళ్ళినా ఆయన కళ్ళు దించలేదు. గూనికి వైద్యం చేస్తానని సినిమాలో డాక్టరు అంటే, ఏ గూని అన్నట్టు చూశాడు.

ఇంగ్లీషు రాని అమ్మ ఉన్నట్టుండి "ఇందాక గూని ఆ పక్కన కదే ఉంది?" అంది. నిజమే, పక్క మారింది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ వంతెన రాత్రి తర్వాత అమ్మ నవ్వగా చూడడం అదే మొదలు.

కార్బిమజోల్ వాడేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు జలుబే అనుకోవద్దు; ఆ మందుకు అరుదుగా తెల్ల రక్తకణాలు పడిపోతాయి, అందుకని ఆ రోజే డాక్టరుకు చెప్పి వాటి లెక్క చూపించుకోండి. ఇంట్లో పొగతాగే అలవాటుంటే మాన్పించండి, కళ్ళకు చాలా చేటు.

అమ్మ వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు మొక్కుకుంది. మొన్న ఏడో శనివారం నల్లద్దాలు ఇంట్లోనే వదిలి అమ్మతో ప్రదక్షిణలు చేశాను. ప్రసాదం విప్పుతూ అమ్మ అడిగింది: "సాయంత్రం ఆ గూనాయన సినిమా మళ్ళీ పెట్టవే, మొదట ఏ పక్కనుందో చూడాలి."