పంది గుండెకు మనిషి ఒంట్లో చోటు

పంది అవయవాన్ని మార్పులేమీ చేయకుండా మనిషికి అమర్చితే అది నిమిషాల్లోనో గంటల్లోనో నల్లబడి పాడైపోవడానికి ముఖ్య కారణం ఆల్ఫా-గాల్ అనే చక్కెర. పంది కణాలపై ఉండే ఆ చక్కెర మన ఒంట్లో తయారు కాదు కనుక, దానిపై విరుచుకుపడే యాంటీబాడీలు మన రక్తంలో ముందుగానే కాచుకుని ఉంటాయి. 2022 జనవరిలో మేరీలాండ్ విశ్వవిద్యాలయ వైద్యులు 57 ఏళ్ల రోగికి అమర్చిన గుండె, ఇలాంటి చక్కెరలకు సంబంధించిన 3 జన్యువులను తొలగించి, 6 మానవ జన్యువులను చేర్చిన పందిది. గుండె మనిషి ఛాతీలో పట్టనంతగా పెరగకుండా మరో జన్యువును కూడా ఆపేశారు. నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న ముందుచూపు ఇదే. ఇంత చేసినా, రోగనిరోధక కణాల మధ్య సంకేతాలు నడిపే సీడీ40 అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మందు వాడక తప్పలేదు. రోగి సుమారు 2 నెలలు జీవించారు. తరువాత ఆ గుండెలో పంది సైటోమెగాలోవైరస్ ఆనవాళ్లు బయటపడ్డాయి.